పదకొండు లైన్లు

కథలు రాయడం నేర్పే ఎం.ఏ. ఒకటుందని, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి అందులో సాయంత్రం క్లాసులుంటాయని తెలిసిన రోజున నేను చాలా సంతోషించాను. ఆ సంతోషం ఫారం చూసేదాకా ఉంది. ఎనిమిది పేజీల ఫారం. దాన్ని తయారుచేసినవాళ్ళెవరో గాని, జన్మలో ఒక్క కథ సరదాగా చదివిన పాపాన పోయి ఉండరు. 'మీరు ఎందుకు రాస్తున్నారు? అయిదు వందల మాటలకు మించకుండా తెలపండి' అని ఒక కాలమ్. దాని కిందే 'కొట్టివేతలున్న దరఖాస్తులు పరిశీలించబడవు' అని నోట్. కొట్టివేతలు లేకుండా ఎందుకు రాస్తున్నానో చెప్పగలిగితే నాకు వీళ్ళ చదువెందుకు?

నాకు ముప్పై ఆరేళ్ళు. పళ్ళ డాక్టరుగారి దగ్గర ముందు గదిలో కూర్చుని, ఎవరు ఎప్పుడు రావాలో రాసుకునే ఉద్యోగం. ఉద్యోగం మానే వీల్లేదు, కాబట్టి సాయంత్రం క్లాసులైతేనే నాకు కుదురుతుంది. ఆ సాయంత్రం క్లాసులు వచ్చే ఏడాది నుంచి ఎత్తేస్తున్నారట. అంటే ఈసారి సీటు వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇక లేనట్టే. దరఖాస్తుకి గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.

సిఫారసు ఉత్తరాలు రెండు కావాలన్నారు. మొదటిది మా డాక్టరుగారిని అడిగాను. ఆయన మంచి మనిషి. రెండు రోజులు ఆలోచించి రాసిచ్చారు: 'ఈమె చాలా ఓర్పు గల మనిషి. పంటి నొప్పితో వచ్చినవారు కేకలు వేసినా తిరిగి కేకలు వేయదు.' "డాక్టరుగారూ, నేను రాస్తానని కూడా ఒక ముక్క..." అని నసిగాను. "అయ్యో, మర్చేపోయాను" అని పెన్ను తీసి, కింద 'చేతిరాత చక్కగా ఉంటుంది' అని చేర్చారు. రెండోది కాలేజీలో నాకు పాఠం చెప్పిన మాస్టారిని అడిగితే, "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారు. సిగ్గు విడిచి నన్ను నేను పొగుడుకుంటూ ఒక పేజీ రాసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, 'అసాధారణమైన' అన్న మాట దగ్గర ఆగి, "ఇది కొంచెం ఎక్కువైందేమో" అని దాన్ని కొట్టేసి సంతకం పెట్టారు. ఉత్తరాల్లో కొట్టివేతలుండొచ్చో లేదో నోట్‌లో లేదు.

పద్నాలుగో కాలమ్: 'ఇంతవరకు అచ్చయిన రచనలు.' ఒకటి అని రాశాను. నిజానికి ముప్పావు అని రాయాలి.

ఆ ముప్పావు సంగతి చెప్పాలంటే మా అమ్మానాన్నల సంగతి చెప్పాలి. ఇద్దరూ ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశారు. నాన్న ప్రూఫ్‌రీడరు. అమ్మ ఆయన పక్కన కూర్చుని రచయిత రాసిచ్చిన కాగితాలు పైకి చదివేది. ఆమె చదువుతుంటే నాన్న అచ్చయిన కాగితం మీద వేలు జరుపుకుంటూ రెండూ ఒకటేనా కాదా అని చూసుకుపోయేవాడు. దీనికో పద్ధతుంది. చదివే మనిషి భావం పెట్టి చదవకూడదు. భావం పెడితే వినే మనిషి కథలో పడిపోతాడు, తప్పు కళ్ళ ముందే జారిపోతుంది. అందుకని అమ్మ ప్రతి కామాని, ప్రతి చుక్కని పైకి చెబుతూ, స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతుతో చదివేది. 'ఆమె గుండెలు బాదుకుంది కామా ఇక నాకు దిక్కెవరు అంది చుక్క కొత్త పేరా.' ఇరవై ఎనిమిదేళ్ళలో అలా ఎన్ని చావులు, ఎన్ని పెళ్ళిళ్ళు చదివిందో ఆమెకే తెలీదు. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చడానికి కథ చెప్పినా 'అనగనగా ఒక రాజు కామా' అనేది. తమాషాకి కాదు, నోటికి అలవాటైపోయి.

పందొమ్మిదో ఏట నేనొక కథ రాశాను. మా ఇంటి మెట్ల గురించి. అప్పట్లో మేమున్న ఇంట్లో మూడో మెట్టు విరిగి ఉండేది. నాన్న రోజూ బాగుచేయిస్తాననేవాడు, మేము రోజూ దాన్ని దాటి కాలు వేసేవాళ్ళం. ఆ కథని చేతిరాత మార్చి రాసి, కలం పేరు పెట్టుకుని, మా వాళ్ళ ప్రెస్సులోనే అచ్చయ్యే వారపత్రికకి పంపాను. కలం పేరేమిటో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది, అందులో ఒక పువ్వూ ఒక నదీ కూడా ఉన్నాయి. వేసుకుంటున్నామని కార్డు వచ్చింది. ఇంట్లో చెప్పలేదు. ప్రూఫులు దిద్దేటప్పుడు వాళ్ళే పట్టుకుంటారని, ఏదో ఒక సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికొస్తారని రోజూ గుమ్మంలో నిలబడ్డాను. మామూలుగానే వచ్చారు, మామూలుగానే అన్నం తిన్నారు. తరవాతి వారం పత్రిక వచ్చింది. కథ చివరి పేరా లేదు. పదకొండు లైన్లు. ఆ చోట తలనూనె ప్రకటన ఉంది.

ఆ పేరా నాన్న గురించే. ఆయన గుర్తుపట్టాడని, ఇంటి గుట్టు బయటపడుతుందని తనే కోసేశాడని నాకు అర్థమైపోయింది. అడగలేదు. ఆయనా ఏమీ అనలేదు. తరవాత పదిహేడేళ్ళు నేను కథన్నది రాయలేదు.

ఇప్పుడు దరఖాస్తుతో పాటు పాతిక పేజీలకి మించకుండా ఒక కథ మూడు కాపీలు ఇవ్వాలన్నారు. ఏం రాయాలా అని కూర్చుంటే అదే వచ్చింది. కూతురి కథకి చివర లేకుండా చేసిన తండ్రి. నా కథలో తండ్రి ఆ చివరి పేరా రెండుసార్లు చదువుతాడు, అందులో తనని చూసుకుంటాడు, ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీస్తాడు. ఎందుకు రాస్తున్నారన్న కాలమ్‌లో కూడా అదే పెట్టాను, నా దగ్గర్నుంచి తీసేసుకున్న చివర నాకు తిరిగి కావాలి కనక అని. రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఇక నాకు కావలసిందల్లా ఒకటే, ఈ కథ నాన్న కంట పడకుండా సీటు రావడం.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. సాయం చెయ్యడమంటే మహా సరదా, అదే ఆయనతో వచ్చిన చిక్కు. గురువారం సాయంత్రం పెన్‌డ్రైవ్ ఇచ్చి, మూడు కాపీలు ప్రింట్ తీయించుకు రమ్మన్నాను. ఊళ్ళో ఇన్ని షాపులుండగా మా అమ్మావాళ్ళ ఇంటి కిందున్న జిరాక్స్ షాపుకి వెళ్ళాడు. చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు.

"కాగితాలేవి?" అన్నాను.

"మామయ్యగారు కనిపించారు. ఊరికే కూర్చున్నారు కదా, ఒకసారి తప్పులు చూస్తారని ఇచ్చాను. పెన్‌డ్రైవూ, ఆ నిబంధనల కాగితం కూడా ఇచ్చొచ్చాను. మంచి పని చేశాను కదూ?"

ఆ మొహం చూడాలి, బహుమతి తెచ్చినట్టు వెలిగిపోతోంది. నాకు కాసేపు నోట మాట రాలేదు. వచ్చాక మాత్రం చాలాసేపు ఆగలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి నేను డ్యూటీలో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. "దీన్నిండా తప్పులే. నలభై మూడున్నాయి. ఒకసారి రా" అని పెట్టేశాడు. ఆ గొంతులో కోపముందో లేదో ఎంత ఆలోచించినా తేలలేదు. అసలు ఆయన గొంతులో ఏదైనా ఎప్పుడు తేలింది గనక! బుగ్గ వాచిపోయి వచ్చిన ఒకాయన్ని మధ్యాహ్నం రమ్మనబోయి వచ్చే నెల రమ్మన్నాను. డాక్టరుగారు జాలిపడి పూట సెలవిచ్చారు.

నేను వెళ్ళేసరికి పదకొండున్నర. కిటికీ పక్క బల్ల మీద కాగితాలు, చెక్క స్కేలు, రెండు ఎర్ర పెన్నులు. నాన్న చొక్కా చేతులు మడిచి కూర్చుని ఉన్నాడు. అమ్మ కళ్ళజోడు తుడుచుకుంటోంది. ప్రెస్సు మూతపడి ఆరేళ్ళయినా, ఇద్దరూ షిఫ్టు మొదలవబోతున్నట్టే ఉన్నారు.

"అంతా చూశావా?" అన్నాను, చెప్పులు విప్పకుండానే.

"రెండుసార్లు చూశాను."

"ఎలా ఉంది?"

"మార్జిను తక్కువుంది."

"కథ నాన్నా, కథ! కథ ఎలా ఉంది?"

"కథా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నేను కథ చూడలేదమ్మా. తప్పులు చూశాను."

అమ్మయ్య అని ఊపిరి పీల్చుకోవాలో, తల తీసుకెళ్ళి గోడకేసి కొట్టుకోవాలో తెలీలేదు. పాతిక పేజీల నిండా తననే పెట్టి ఉతికి ఆరేస్తే, ఈ మనిషి రెండుసార్లు చూసి నలభై మూడు తప్పులు పట్టుకున్నాడు గాని తనని పట్టుకోలేదు.

"నాలుగు పక్కలా అంగుళం మార్జిను ఉండాలని వాళ్ళు రాశారు. నువ్వు ముప్పావు పెట్టావు" అన్నాడు స్కేలు చూపించి.

పెట్టానూ. లేకపోతే పాతిక పేజీల్లో పట్టదు. ఎవరు కొలుస్తారులే అనుకున్నాను. కొలిచేవాడు మా ఇంట్లోనే ఉన్నాడని మర్చిపోయాను.

"పొద్దున్నే కిందికెళ్ళి తప్పులన్నీ దిద్దించి, మార్జిను సరిచేయించి మళ్ళీ తీయించాను. ఇప్పుడు ఇరవై ఆరో పేజీలోకి తొమ్మిది లైన్లు పోయాయి. పాతిక దాటితే తీసుకోరు. కోసెయ్యాలి."

"ఎక్కణ్ణించి?"

"చివర్నించి. మ్యాటర్ ఎక్కువైతే చివర్నించే కోస్తారు. పద్ధతి అదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేడేళ్ళ తరవాత మళ్ళీ అదే బల్ల, అదే పెన్ను, అదే చివర! "పెన్‌డ్రైవ్ ఇచ్చెయ్ నాన్నా, నేను చూసుకుంటాను" అన్నాను పళ్ళు బిగించి. పెన్‌డ్రైవ్ కళ్ళజోడు పెట్టెలో ఉంది. పెట్టె ఆయన జేబులో ఉంది.

"సరిచూడకుండా కాగితం ఈ బల్ల దాటదు. దిద్దినచోటే కొత్త తప్పులు పుడతాయి. మీ అమ్మ చదువుతుంది, నేను చూస్తాను."

"అయిదింటికి గడువు!"

"ఇంకా పన్నెండు కాలేదు కదా."

అమ్మ వంక చూశాను, ఆమైనా నా పక్షాన ఒక మాట అంటుందని. ఆమె అప్పటికే కాగితం కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. మా ఆయనకి ఫోన్ చేశాను. అందుబాటులో లేడు. ఏ పన్నెండో అంతస్తుకీ పదమూడో అంతస్తుకీ మధ్యో వేలాడుతూ ఉండి ఉంటాడు. నా పరిస్థితీ అలాగే ఉంది.

అమ్మ మొదలుపెట్టింది. నా కథ మొదటి పేజీలో వాన కురుస్తుంది. ఆ వాన కోసం నేను మూడు వారాలు కష్టపడ్డాను. "వాన సన్నగా మొదలైంది కామా కిటికీ అద్దం మీద కామా గడప మీద కామా ఎవరో మర్చిపోయిన కుర్చీ మీద చుక్క." అర నిమిషంలో నా మూడు వారాలూ అయిపోయాయి. నాన్న వేలు కాగితం మీద నింపాదిగా జరుగుతోంది. నేను మంచం అంచున కూర్చుని గోడ గడియారం వంక చూస్తున్నాను. పన్నెండున్నర అయింది. కథలో కూతురు పుట్టింది, పెరిగింది, కథలు రాయడం మొదలుపెట్టింది, అంతా రైళ్ళ రాకపోకల గొంతులోనే. ఒంటిగంటకి అమ్మ మంచినీళ్ళు తాగి పందొమ్మిదో పేజీ తీసింది.

"ఆమె కథ అచ్చయింది చుక్క ఆ కథ ఇలా మొదలవుతుంది కోట్స్ మా ఇంట్లో అందరం రెండు మెట్లెక్కి ఒక మెట్టు దాటుతాం కామా అందుకే మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళెవరో నడక చూసి చెప్పొచ్చు..."

ఆగిపోయింది.

"చుక్కేనా?" అన్నాడు నాన్న తల ఎత్తకుండా.

ఇరవై ఎనిమిదేళ్ళలో అమ్మ వాక్యం మధ్యలో ఆగడం అదే మొదటిసారేమో, నాన్న తల ఎత్తాడు.

"ఏమండీ, ఇది మనం చదివాం" అంది.

"నేను నిన్న చూశాను. నువ్వు ఇప్పుడే కదా చదువుతున్నావు."

"నిన్న కాదు. ప్రెస్సులో, వారపత్రికకి. నేనప్పుడే అన్నాను, ఇదేదో మన మెట్ల గురించి రాసినట్టుందండీ అని. మీరేమన్నారు?"

నాన్న ఆలోచించాడు. గుర్తు రాలేదు.

"కామా తరవాతేంటి అన్నారు" అంది అమ్మ.

ఇద్దరూ కలిసి నా వంక చూశారు. దాచి ఏం లాభం? "అది నా కథే" అన్నాను.

"పేరు వేరే ఉంది కదమ్మా" అన్నాడు నాన్న.

అదీ ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట! ఇక నేను ఆగలేదు. "పేరు వేరైతే? మెట్లు మనవి కావా? రోజూ బాగుచేయిస్తానన్న మనిషి నువ్వు కాదా? అమ్మకి తెలిసింది, నీకు తెలీలేదా? తెలిసే కోశావనుకున్నాను నాన్నా! నీ గురించి రాశానని కోపమొచ్చి కోశావనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను!"

"నేనెందుకు కోస్తాను? రాసినవాళ్ళ మ్యాటర్ మనం ముట్టుకోకూడదు" అన్నాడు. అని, కాసేపాగి నెమ్మదిగా గుర్తు తెచ్చుకున్నాడు. "ప్రకటన అనుకున్నదానికన్నా పెద్దదొచ్చింది. ఫోర్‌మన్ వచ్చి పదకొండు లైన్లు ఎక్కువున్నాయన్నాడు. అలాంటప్పుడు మాత్రం చివర్నించి కోసెయ్యమని పత్రికవాళ్ళే చెప్పి ఉంచారు. లెక్కపెట్టి కొట్టేశాను."

"చదవకుండానా?"

"చూశాను. అందులో ఒక్క తప్పూ లేదు. తప్పుల్లేని పేరా పోతోందే అనుకున్నాను, అది గుర్తుంది."

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది గాని, ఆ కోపం ఎవరి మీదో తెలీలేదు. నేను పదిహేడేళ్ళుగా ఒక పగవాణ్ణి పెంచుకున్నాను. వాడికి నా మాటలంటే భయం. ఇక్కడ చూస్తే పగవాడు లేడు, లైన్లు లెక్కపెట్టుకునే ఒక మనిషి ఉన్నాడు. పగవాడే నయమనిపించింది, వాడైనా నా కథ చదివాడు.

నాన్న వేళ్ళతో బల్ల తడుముకుని పెన్ను తీశాడు. ప్రూఫులు దిద్దేవాళ్ళకి ఇంకో అలవాటుంది. ఎక్కడైనా ఏదో తప్పిపోయినట్టు అనిపిస్తే వాళ్ళు సొంతంగా ఏమీ చేర్చరు. పక్కన మార్జినులో ప్రశ్న గుర్తు పెట్టి వదిలేస్తారు, జవాబు రాసినవాళ్ళే చెప్పాలి. నాన్న పందొమ్మిదో పేజీ మార్జినులో ప్రశ్న గుర్తు పెట్టి, కాగితం నా వైపు తోశాడు.

"ఆ పదకొండు లైన్లు ఏమిటి? కథంతా వాటి గురించే అంటున్నావు కదా. అవి ఇందులో లేవు."

చెప్పబోయి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. రాసిన కాగితం పత్రికకే పంపాను, ఇంకో కాపీ ఉంచుకోలేదు. నాన్న గురించని తెలుసు. విరిగిన మెట్టు మీద నాన్న కూర్చుని ఉంటాడని తెలుసు. దెప్పానో, మెచ్చుకున్నానో, జాలిపడ్డానో ఒక్క ముక్క గుర్తు లేదు. పోయినదాని గురించి పాతిక పేజీలు రాశాను గాని, పోయిందేమిటో నా దగ్గర లేదు.

"గుర్తు లేదు" అన్నాను.

నాన్న అమ్మ వైపు తిరిగాడు. "నీకేమైనా..."

"నేను కామాలు చదివాను కదండీ" అంది అమ్మ.

గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. నాన్న పెన్నుకి మూత పెట్టాడు. స్కేలు తీసి పక్కన పెట్టాడు.

"మళ్ళీ మొదటి పేజీ తియ్యి" అన్నాడు అమ్మతో.

"నాన్నా!" అని అరిచాను. "నీకు దణ్ణం పెడతాను. సీటు పోతుంది. ఈ ఏడాది పోతే ఇక లేదు!"

"ఈసారి కామాలు చదవకు" అన్నాడు.

అమ్మకి అర్థం కాలేదు. "మరెలా చదవను?"

ఆయన కూడా కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. "మామూలుగా" అన్నాడు.

నేను లేవబోయినదాన్ని కూర్చుండిపోయాను. మొదటి రెండు పేజీల్లో అమ్మ నోటి నుంచి కామాలు జారుతూనే ఉన్నాయి. జారినప్పుడల్లా నాలిక కరుచుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళింది. మూడో పేజీ నుంచి కుదిరింది. మా అమ్మకి అలాంటి గొంతు ఒకటుందని నాకు ముప్పై ఆరేళ్ళకి తెలిసింది. నేను నవ్వాలని రాసినచోట నవ్వింది. నవ్వాలని రాయనిచోట కూడా ఒకసారి నవ్వింది, అది మాత్రం నాకు నచ్చలేదు. నాన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకుని, కాగితం వంక కాకుండా కిటికీ వంక చూస్తూ విన్నాడు.

తండ్రి ఆ పేరా చదివే చోటు వచ్చింది. ఒకసారి చదువుతాడు, మళ్ళీ చదువుతాడు, అందులో తనని చూసుకుంటాడు, గీత గీస్తాడు. అమ్మ గొంతు తగ్గిపోయింది. ఆగి, "ఈయన అంత పని చెయ్యలేదే" అంది నాతో, నిష్ఠూరంగా.

"చదువు. అది కథ" అన్నాడు నాన్న.

చివరిదాకా చదివింది. ఇరవై ఆరో పేజీలోని ఆ తొమ్మిది లైన్లూ చదివింది. కింద జిరాక్స్ మెషిను చప్పుడు వినిపిస్తోంది.

"వాడు రెండుసార్లు చదివాడు" అన్నాడు నాన్న, కథలో తండ్రి గురించి. "నాకన్నా నయం."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, చాలాసేపు తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, "చివర ముట్టుకోవద్దు" అన్నాడు.

"మరి తొమ్మిది లైన్లు?"

మొదటి పేజీ పైకి తీశాడు. "ఇక్కడ వాన ఉంది చూడు. తొమ్మిది లైన్లు కురిసింది, ఎవరూ తడవలేదు."

నా మూడు వారాల వాన! కథ మొత్తంలో నేను మురిసిపోయిందల్లా ఆ తొమ్మిది లైన్లే. మిగతావన్నీ పోయినా సరే, అవి ఉండాలని పోట్లాడబోయాను. అమ్మ వంక చూశాను. "నిజమేనే, నేను కూడా ఎప్పుడు ఆగుతుందా అనుకున్నాను" అంది. ఇంతకీ ఈ ఇంట్లో సాహిత్య విమర్శ మొదలై ఇంకా గంటన్నర కాలేదు.

"నీ ఇష్టం. రాసింది నువ్వు" అన్నాడు నాన్న. ఎర్ర పెన్ను మూత తీసి, నా చేతికిచ్చాడు. నేనే గీత గీశాను. గీస్తున్నంతసేపూ ఆయన కరెక్టే అని తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

కళ్ళజోడు పెట్టెలోంచి పెన్‌డ్రైవ్ బయటికొచ్చింది. ముగ్గురం కిందికి దిగాం. నాన్న జిరాక్స్ షాపతని వెనక నిలబడి "అంగుళం, అంగుళం" అంటూ అతని ప్రాణం తీశాడు. సరిగ్గా పాతిక పేజీలొచ్చాయి. చివరి లైను చివరి పేజీ అడుగున ఆగింది. నేను బస్సెక్కాక మా ఆయన ఫోన్ చేశాడు. "ఇప్పుడే దిగాను. నీకేమైనా సాయం కావాలా?" అన్నాడు. కావాలి, రెండు రోజులు నాకే సాయమూ చెయ్యకుండా ఉండండి అని పెట్టేశాను.

బస్సులో ఫారం తీసి మొదటి నుంచీ చూసుకున్నాను. 'మీరు ఎందుకు రాస్తున్నారు' దగ్గర నేను రాసిన అయిదు వందల మాటలూ పొద్దుటి దాకా నిజం. ఇప్పుడు కాదు. మార్చుదామంటే కొట్టివేతలుండకూడదు. అలాగే వదిలేశాను. పందొమ్మిదో పేజీ కూడా అలాగే ఉంది. ఆ పదకొండు లైన్లు ఏమిటని వాళ్ళూ అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వాళ్ళు నాకు సీటిస్తే మొదట అవే రాస్తాను, ఇవ్వకపోయినా రాస్తాననే అనుకుంటున్నాను.

యూనివర్సిటీలో దరఖాస్తులు తీసుకునే కౌంటర్ దగ్గరికి చేరేసరికి అయిదుకి పది నిమిషాలుంది. అక్కడి గుమస్తా ఒక పెద్దావిడ, వేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని, మూడు కాపీలూ పేజీ పేజీ లెక్కపెట్టింది. చివరి పేజీ దగ్గర ఆగి అనుమానంగా చూసింది.

"అడుగు దాకా ఉంది మ్యాటర్. ఇక్కడితో అయిపోయిందా, ఇంకో పేజీ ఉందా? తరవాత పేజీ మిస్సయిందంటే కుదరదు. సరిగ్గా చూసుకున్నారా?"

"అయిపోయిందండీ" అన్నాను. "మా నాన్న చదివాడు."

"నేనడిగింది అది కాదు" అని విసుక్కుంటూ ఆవిడ ముద్ర వేసింది.